సైన్స్ ఫిక్షన్ సెట్లో వర్కింగ్ స్టిల్స్: ఎల్‌ఈడీ గోడ, హెల్మెట్లు, పొగ మధ్య సహజమైన ఫొటోలు ఎలా తీయాలి?

కొత్త_స్టిల్స్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో త్వరలో మొదలయ్యే ఒక చిన్న బడ్జెట్ సైన్స్ ఫిక్షన్ సినిమాకి స్టిల్స్, అంటే సెట్లో ఫొటోలు తీసే పని, ఒప్పుకున్నాను. కుటుంబ కథలు, పల్లెటూరి కథల సెట్లు అలవాటే గానీ ఈ తరహా సెట్ కొత్త. సగం సినిమా ఎల్‌ఈడీ గోడ (వెనక దృశ్యాన్ని చూపించే పెద్ద తెర) ముందు, మిగతా సగం గ్రీన్ మ్యాట్ (తర్వాత గ్రాఫిక్స్ నింపే పచ్చ తెర) మీద తీస్తారట. ఇద్దరు నటులకు హెల్మెట్‌తో సహా స్పేస్ సూట్, ఒకరికి ముఖమంతా సిలికాన్ మేకప్. పైగా సింక్ సౌండ్, అంటే మాటలు సెట్లోనే రికార్డు చేస్తారు.

డైరెక్టర్ గారికి పోజులిచ్చిన ఫొటోలు వద్దు. షాట్‌కీ షాట్‌కీ మధ్య మనుషులు ఎలా ఉంటారో అలాగే చూపే వర్కింగ్ స్టిల్స్ కావాలంటున్నారు. నా దగ్గర రెండు ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీలున్నాయి, ఒకటి కాస్త పాతది. 35 ఎంఎం ఎఫ్/1.4, 85 ఎంఎం ఎఫ్/1.8, 24-70 ఎఫ్/2.8 లెన్సులు.

టెస్ట్ షూట్ రోజు గోడ ముందు తీసిన ఫొటోల్లో అడ్డంగా నల్ల చారలు వచ్చాయి, మరికొన్నింట్లో వల లాంటి గీతలు. సినిమా కెమెరాలో మాత్రం అంతా శుభ్రంగా ఉంది. ఎందుకిలా? షట్టర్ ఎంత పెట్టాలి, ఎక్కడ నిలబడాలి, ఏ సమయంలో ఏం దొరుకుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

---

గ్రేకార్డ్ సమాధానం

మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులండీ, మందులు కూడా వేరే.

ముందు నల్ల చారలు. ఎల్‌ఈడీ ప్యానెల్ మన కంటికి ఒకే వెలుగులా కనిపిస్తుంది గానీ అది వరుసల వంతున వెలిగి ఆరుతూ ఉంటుంది. ఒక్కో దీపం ఎంత వెలగాలో కూడా వెలిగి ఉన్న క్షణాల వాటాతోనే నిర్ణయమవుతుంది. సినిమా కెమెరాకీ గోడకీ ఒకే సింక్ సిగ్నల్ వెళ్తుంది, షట్టర్ సుమారు 1/48 సెకను తెరిచి ఉంటుంది, కాబట్టి ప్యానెల్ తన చుట్లన్నీ పూర్తి చేసుకున్నాకే ఫ్రేమ్ ముగుస్తుంది. మీ కెమెరాకు ఆ సిగ్నల్ లేదు. మీరు 1/250 పెడితే కొన్ని వరుసలు పూర్తిగా వెలగకముందే ఫొటో అయిపోతుంది. అదే ఆ చార.

కాబట్టి గోడ ఫ్రేములో ఉన్నంతసేపు 1/50 నుంచి 1/100 మధ్యే ఉండండి. మొదటి రోజు లైటింగ్ జరుగుతున్నప్పుడు 1/50, 1/60, 1/80, 1/100, 1/125 వరసగా తీసి, వంద శాతానికి పెంచి గోడ చూడండి. ఒక్కో గోడకు ఒక్కో అంకె నప్పుతుంది. మీ కొత్త బాడీలో హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ సెట్టింగ్ ఉంటే షట్టర్‌ని 1/96.3 లాంటి చిల్లర అంకెల్లోకి కూడా కదపొచ్చు, తెర మీద చారలు మాయమయ్యే చోట ఆపెయ్యండి. టెస్ట్ చేసేటప్పుడు తెల్లటి ఆకాశం కాకుండా చీకటి సన్నివేశం వేయమని అడగండి. ముదురు రంగుల్లో దీపం వెలిగే క్షణాలు తక్కువ కాబట్టి చారలు అక్కడే ముందు బయటపడతాయి. అంతరిక్షం సీన్లంటే గోడంతా నలుపే కదా, మీకు ఇది చాలా ముఖ్యం.

రెండోది వల గీతలు, అంటే మోయిరే. గోడ మీది చుక్కల వరసకూ మీ సెన్సర్ చుక్కల వరసకూ తగువు. ఇలాంటి గోడల్లో చుక్కకీ చుక్కకీ మధ్య సాధారణంగా 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. ఫోకస్ గోడ మీదికి వెళ్లిందా, ఆ చుక్కలు విడివిడిగా పడిపోతాయి. మందు ఒకటే, గోడని ఫోకస్‌లోంచి తప్పించడం. నటుడు గోడకు కనీసం మూడు నాలుగు మీటర్లు ముందుండాలి, మీరు నటుడికి దగ్గరగా ఉండాలి, ఎపర్చర్ ఎఫ్/2 నుంచి 2.8. ఇరవై నాలుగు ఎంఎం పెట్టి ఎఫ్/8 లో సెట్ మొత్తం తీద్దామనుకుంటే వల ఖాయం. అలాంటి వైడ్ కావాలంటే బాగా వెనక్కి, ఫ్లోర్ చివరికి వెళ్లి తీయండి. ఎడిటింగ్‌లో మోయిరే బ్రష్ రంగు మచ్చల్ని తగ్గిస్తుందే తప్ప గీతల్ని తీయదు.

ఎక్స్‌పోజర్ లెక్క సులువు. కెమెరా అసిస్టెంట్‌ని ఐఎస్ఓ, స్టాప్ (ఎపర్చర్ అంకె) అడగండి. వాళ్లు ఐఎస్ఓ 800, 2.8, 1/48 అంటే మీకు 1/100 దగ్గర ఎఫ్/2, ఐఎస్ఓ 800. లేదా ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600. దాని చుట్టూ అరస్టాప్ అటూ ఇటూ. 1/100 దగ్గర నడిచే మనిషి కదిలిపోతాడు, స్టెబిలైజర్ మీ చెయ్యి వణుకునే ఆపుతుంది గానీ అతని నడకని ఆపదు. అందుకే మాట పూర్తయి తల నిలిచిన క్షణం, గ్లాసు పెదవికి తాకిన క్షణం, ఇలా కదలిక ఆగే చోట నొక్కడం అలవాటు చేసుకోండి.

ఇక ఎక్కడ నిలబడాలన్నది. అందరూ సినిమా కెమెరా పక్కనే చోటు కోసం తోసుకుంటారు. మామూలు సెట్లో అది సరైనదే. ఎల్‌ఈడీ గోడ దగ్గర కాదు. గోడ మీది దృశ్యం సినిమా కెమెరా ఎక్కడుందో కనిపెట్టి, ఆ లెన్సు కోణానికి సరిపోయేలా లెక్కగట్టి గీసినది. కెమెరా కదిలితే ఆ ముక్క కూడా గోడ మీద కదులుతుంది, దాని చుట్టూ ఉన్న మిగతా గోడ వెలుగు కోసం మాత్రమే. మీరు పక్కనుంచి తీస్తే కొండ వంగి, స్తంభం వాలి కనిపిస్తుంది. పోస్టర్‌కి అది పనికిరాదు. పోస్టర్ ఫొటో కావాలంటే టేక్ అయ్యాక సినిమా కెమెరాని పక్కకి తీయించి, సరిగ్గా ఆ లెన్సు ఉన్నచోట, ఆ ఎత్తులో మీ కెమెరా పెట్టి తీయాలి. దృశ్యాన్ని అక్కడే నిలిపి ఉంచమని గోడ ఆపరేటర్‌కి ముందే చెప్పాలి, లేకపోతే సినిమా కెమెరాతో పాటే దృశ్యమూ జరిగిపోతుంది. రెండు నిమిషాల పని, కానీ కో-డైరెక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

వర్కింగ్ స్టిల్స్‌కి మాత్రం ఆ వంకర కొండే అసలు సరుకు. ఒక చివర ఇసుక నేల, మధ్యలో ప్యానెల్ అంచు, దాని పక్కన నిచ్చెన మీద లైట్‌మన్, ముందు సూట్‌లో నటుడు: ఈ నాలుగూ ఒక ఫ్రేములో పడితే చూసేవాడికి సినిమా ఎలా పుడుతోందో తెలుస్తుంది. గోడకి 45 డిగ్రీల పక్కకి వెళ్లండి. మరీ ఏటవాలుగా పోకండి, ప్యానెల్‌ని బాగా పక్కనుంచి చూస్తే రంగు మారిపోతుంది.

దృశ్యం కెమెరా ఉన్నచోటి నుంచే సరిగ్గా కనిపించడం కొత్త సమస్యేం కాదు. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో ఆదిమానవుల భాగాన్ని ఇంగ్లండ్ స్టూడియోలో ఫ్రంట్ ప్రొజెక్షన్‌తో తీశారు. చాలా పెద్ద తెర. కాంతి వచ్చిన దారినే వెనక్కి పంపే స్కాచ్‌లైట్ పదార్థం దాని నిండా. కెమెరా ముందు 45 డిగ్రీల్లో సగం పారదర్శకమైన అద్దం, దాని మీదుగా 8×10 అంగుళాల స్లైడు ప్రొజెక్షన్. కెమెరా లెన్సు నుంచి చూస్తే ఆఫ్రికా మైదానం. పక్కకి జరిగితే ఆ వెలుగు మీవైపు రాదు, తెర బూడిద రంగు గుడ్డలాగే ఉంటుంది. అందులో చిరుతపులి కళ్లు మెరిసింది కూడా ఆ ప్రొజెక్టర్ వెలుగు తిరిగి లెన్సులోకే రావడం వల్ల.

---

ఫ్లోర్_7 సమాధానం

గ్రేకార్డ్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. సింక్ సౌండ్ అన్నారు కాబట్టి "సైలెంట్ మోడ్ పెట్టేస్తే సరిపోతుంది" అని ఎవరో ఒకరు మీకు చెప్తారు. పాత బాడీ మీద అలా చేయకండి.

మామూలు సెన్సర్ ఉన్న కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ పైనుంచి కిందికి చదవడానికి సుమారు 1/15 నుంచి 1/30 సెకను పడుతుంది. మీరు 1/100 అని పెట్టినా, ఫ్రేము పైభాగం ఒక క్షణంలోది, కిందిభాగం ఇంకో క్షణంలోది. ఆ మధ్యలో ఎల్‌ఈడీ లైట్లు, గోడ ఎన్నోసార్లు వెలిగి ఆరతాయి, చారలు చారలుగా పడతాయి. అదే కెమెరాలో మెకానికల్ షట్టర్ ఫ్రేము దాటడానికి 1/200 సెకను లోపే పడుతుంది. అందుకే గోడ ముందు పాత బాడీకి మెకానికలే మేలు, కాకపోతే శబ్దం. నికాన్ జెడ్9, సోనీ ఏ1 లాంటి స్టాక్డ్ సెన్సర్ (చాలా వేగంగా చదివే రకం) కెమెరాలు దాదాపు 1/250 లో చదివేస్తాయి కాబట్టి వాటిలో నిశ్శబ్దంగా తీసినా చిక్కు తక్కువ. సోనీ ఏ9 మూడో తరంలో ఫ్రేమంతా ఒకేసారి చదువుతుంది. అయినా గోడ చారల బాధ పూర్తిగా పోదు, ఎందుకంటే గోడే వరుసల వంతున వెలుగుతోంది. అక్కడా గ్రేకార్డ్ గారి 1/50 నుంచి 1/100 సూత్రమే.

మన దగ్గర చాలాకాలం డబ్బింగ్ పద్ధతి నడిచింది కాబట్టి టేక్ జరుగుతుండగా క్లిక్‌మని తీసినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. సింక్ సౌండ్ సెట్లో ఆ అలవాటు మానుకోవాలి. కొత్త బాడీ స్టాక్డ్ సెన్సర్ అయితే టేకులో దాన్ని వాడండి. కాకపోతే సౌండ్ బ్లింప్ అద్దెకు తెచ్చుకోండి, లోపల మందంగా స్పాంజి ఉన్న పెట్టె అది. అదీ లేకపోతే రిహార్సల్‌లో తీయండి. సూట్లున్న సెట్లో ఆఖరి రిహార్సల్ పూర్తి కాస్ట్యూమ్‌తోనే జరుగుతుంది, టేకుకీ దానికీ తేడా ఉండదు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న దీపం ఆపేయండి. గోడతో పనిచేసే సెట్లో సినిమా కెమెరా స్థానాన్ని చాలాచోట్ల ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో కనిపెడుతుంటారు. అక్కర్లేని వెలుగు ఏదీ వాటికి పడకూడదు. ఫ్లాష్ మాట అసలే ఎత్తకండి. పైకప్పుకో, కెమెరాకో అంటించిన మెరిసే గుండ్రటి మార్కర్లకి మీ భుజం తగిలి ఒకటి జరిగినా మళ్లీ క్యాలిబ్రేషన్ చేయాలి, యూనిట్ అంతా ఎదురుచూస్తుంది. కెమెరా వైఫై, బ్లూటూత్ కూడా ఆపండి. ఫోకస్ పుల్లర్ (సినిమా కెమెరా ఫోకస్ తిప్పే మనిషి) రిమోట్, మానిటర్ సిగ్నళ్లు ఆ గాలిలోనే తిరుగుతున్నాయి.

ఒక్కోసారి రెండు సినిమా కెమెరాలకి ఒకే గోడ మీద రెండు వేర్వేరు దృశ్యాలు వంతులవారీగా చూపిస్తారు. అలాంటి రోజున మీ ఫొటోలో రెండూ కలిసి దయ్యంలా పడతాయి. దానికి మీవైపు నుంచి చేయగలిగింది లేదు, ఆ పద్ధతి ఎప్పుడెప్పుడు నడుస్తుందో గోడ ఆపరేటర్‌ని పొద్దున్నే అడిగి, మిగతా వేళల్లో తీసుకోండి.

---

సిలికాన్_చెవి సమాధానం

కెమెరా లెక్కలు వాళ్లు చెప్పేశారు. నేను మనుషుల వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే సూట్లు, ప్రాస్తెటిక్స్ (ముఖానికి అతికించే సిలికాన్ ముక్కలు) ఉన్న సెట్లో సహజమైన క్షణాలు ఎప్పుడు దొరుకుతాయన్నది ఒంటి వేడి మీద ఆధారపడి ఉంటుంది.

స్పేస్ సూట్ లోపల గాలి ఆడదు. హెల్మెట్ లోపల చిన్న ఫ్యాన్ పెడతారు, కానీ దాని రొద మైక్‌లో పడుతుందని టేక్‌లో ఆపేస్తారు. ఆపిన నిమిషానికే ఊపిరి తేమ వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) మీద మంచులా పడుతుంది. లోపలివైపు యాంటీ ఫాగ్ స్ప్రే గానీ, గిన్నెలు తోమే ద్రవం పలుచగా రాసి తుడవడం గానీ చేస్తారు. అదీ కొన్ని టేకులకే. చాలా షాట్లకి వైజర్ పూర్తిగా తీసేసి, తర్వాత గ్రాఫిక్స్‌లో అద్దం పెడతారు. కట్ అనగానే కాస్ట్యూమర్ పరిగెత్తుకొచ్చి మెడ దగ్గర గొళ్లెం తీస్తాడు. హెల్మెట్ పైకి లేచిన తర్వాతి పది సెకన్లు: జుట్టు తడిసి, బుగ్గల మీద ప్యాడ్ అచ్చులు పడి, నటుడు మొదటి గాలి పీల్చుకునే ఆ ముఖం ఏ పోజులోనూ రాదు. 85 ఎంఎంతో మూడు మీటర్ల దూరంలో, కాస్ట్యూమర్ చెయ్యి కూడా ఫ్రేములో ఉండేలా సిద్ధంగా ఉండండి. దారికి మాత్రం అడ్డం నిలబడొద్దు.

ఆ తర్వాత స్ట్రాతో నీళ్లు, కాలర్‌లోకి చల్లగాలి కొట్టే పైపు, లోపలి కూలింగ్ వెస్ట్‌కి ఐసు నీళ్ల బకెట్ నుంచి పెట్టే గొట్టాలు. వెస్ట్ గుడ్డలో సన్నటి ట్యూబులుంటాయి, విరామంలో చిన్న పంపు తగిలించి చల్లనీళ్లు తిప్పుతారు. బయటి ప్రపంచానికి తెలియని ఈ సరంజామా అంతా ఫొటోల్లో ఉండాలి.

ఇది ఎంత తీవ్రమైన విషయమో 1979 నాటి 'ఏలియన్' చెప్తుంది. దాన్ని 1978లో ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో తీశారు. బరువైన సూట్లు, లోపల నైలాన్ అస్తరు, ఊపిరీ వేడీ బయటికి పోయే దారి లేదు. నటులు సొమ్మసిల్లేవారు, ఆక్సిజన్‌తో నర్సులు సెట్లోనే ఉండాల్సి వచ్చింది. అదే సినిమాలో అంతరిక్ష నౌక కాలు భారీగా కనిపించడానికి దర్శకుడు రిడ్లీ స్కాట్ తన పిల్లలకే చిన్న సూట్లు తొడిగి దూరపు షాట్లు తీశాడు. 1976 మార్చిలో ట్యునీషియాలో 'స్టార్ వార్స్' మొదలైన రోజునే బంగారు రోబో వేషం ఎడమ కాలి ముక్క పగిలి నటుడు ఆంథొనీ డేనియల్స్ పాదానికి గుచ్చుకుంది. ఆ వేషంలో కూర్చోవడం కుదరదు, అందుకే వెనక్కి ఆనుకునే ఏటవాలు చెక్క వాడారు. రోబో, ఏలియన్ వేషాలకి ఇప్పటికీ అదే పద్ధతి. మీ సెట్లో అలాంటి చెక్క ఉంటే దాని మీద వాలి ఫోన్ చూసుకుంటున్న వేషధారి కంటే మంచి ఫొటో ఉండదు.

సిలికాన్ ముఖం ఉన్న నటుడి సంగతి వేరు. అతికించడానికే మూడు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి అతని కాల్‌టైమ్ తెల్లవారుజామునే. మీరూ ఆ గంటకి వెళ్లాలి, కానీ మొత్తం సేపు గదిలో ఉండకండి. మొదట్లో జుట్టు కప్పే బాల్డ్ క్యాప్ వేసేటప్పుడు ఐదు నిమిషాలు, నుదుటి ముక్క అంచులు కరిగించి కలిపేటప్పుడు ఐదు నిమిషాలు, ఆఖరి రంగుల దగ్గర పదిహేను నిమిషాలు. జిగురు ఆరుతున్నప్పుడు నటుడు నవ్వకూడదు, మాట్లాడకూడదు. ఆ సమయంలో మీరు పలకరించి నవ్విస్తే నోటి మూల అంచు లేస్తుంది, మేకప్ వాళ్లు మళ్లీ మొదలెట్టాలి. అద్దం చుట్టూ బల్బులు ఒక రంగు, పైన ట్యూబ్‌లైటు ఇంకో రంగు ఉంటే సిలికాన్ మీద ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ట్యూబ్‌లైటు ఆపమని అడగండి, వాళ్లకీ అదే మంచిది.

మధ్యాహ్నం తర్వాత చెమటకీ, భోజనానికీ నోటి చుట్టూ అంచులు లేవడం మొదలవుతుంది. ఆ ప్యాచ్‌వర్క్ చేస్తున్నప్పటి ఫొటోలు ఆసక్తిగా ఉంటాయి గానీ, నటుడి అనుమతీ మేకప్ చీఫ్ అనుమతీ లేకుండా తీయకండి. సగం ఊడిన ముఖం, సగం విప్పిన సూట్, ఈ రెండూ ఎవరి ఒంటి గౌరవానికి సంబంధించినవో వాళ్లే ఒప్పుకోవాలి. మొదటి రోజే వెళ్లి "ఏవి వద్దో చెప్పండి, వాటి జోలికి రాను" అని అడిగితే తర్వాత వాళ్లే పిలిచి చూపిస్తారు.

---

కొత్త_స్టిల్స్

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. పాత బాడీలో స్టాక్డ్ సెన్సర్ లేదు, అంటే గోడ ముందు దానికి మెకానికల్ షట్టరే. కొత్తదాంట్లో ఉంది.

ఇంకో మూడు సందేహాలు. వైజర్ ఉన్న షాట్లలో నా ప్రతిబింబమే దానిలో పడుతోంది. గ్రీన్ మ్యాట్ ముందు ముఖాలు ఒక ఫొటోలో గులాబీ రంగు, ఇంకోదాంట్లో పచ్చ. పొగ వేసినప్పుడు ఫోకస్ పట్టట్లేదు. వీటికి దారి ఉందా? రోప్ షాట్లు (నటుణ్ని తాళ్లతో గాల్లోకి లేపేవి) కూడా ఉన్నాయి, అక్కడ ఏమైనా జాగ్రత్తలుంటే చెప్పండి.

---

గ్రేకార్డ్ సమాధానం

వైజర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది దాదాపు ముందున్న సగం ఫ్లోరుని చూపిస్తుంది. ప్రతిబింబాలు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఏదో ఒక కోణంలోనే పనిచేస్తుంది, వంపు తిరిగిన అద్దం మీద ఒక మచ్చ పోతే ఇంకోటి ఉంటుంది, పైగా ఒక స్టాప్ పైన, అంటే సగానికి పైగా వెలుగు తినేస్తుంది. మెరుగైన దారి మీరు కనిపించకపోవడమే. నల్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, నల్ల ప్యాంటు, కెమెరా మీది తెల్ల అక్షరాల మీద నల్ల గాఫర్ టేపు. వెలిగే లైటుకీ నటుడికీ మధ్య కాకుండా, నీడ ఉన్న వైపు, నల్ల గుడ్డ కట్టిన చోట నిలబడండి. అప్పుడు వైజర్‌లో లైట్లు, క్రేను, గోడ వెలుగు మాత్రమే పడతాయి, అవి ఉంటేనే అందం.

గ్రీన్ మ్యాట్ ముందు రంగు మారడానికి కారణం ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరా తనే రంగు సరిచేసుకోవడం. ఫ్రేములో పచ్చ ఎక్కువుంటే కెమెరా దాన్ని తగ్గించబోయి మొత్తాన్ని గులాబీ వైపు తోస్తుంది. మీరు కాస్త పక్కకి తిరగగానే మళ్లీ మారుస్తుంది. కెల్విన్ అంకె (వెలుగు రంగు కొలత) మీరే బిగించేయండి: పగటి లైట్లయితే 5600, టంగ్‌స్టన్ అయితే 3200. ప్రతి లైటింగ్ మారినప్పుడు నటుడి బదులు నిలబడే స్టాండిన్ చేతికి రంగు సరిచూసుకునే గ్రే కార్డు ఇచ్చి, ముఖం మీద పడే మెయిన్ లైటులో ఒక ఫ్రేము తీసి పెట్టుకోండి. ఎల్‌ఈడీ గోడ దగ్గర ఇది ఇంకా అవసరం, ఎందుకంటే గోడ వెలుగు మూడు సన్నటి రంగుల కలయిక. దానితో మాత్రమే వెలిగిన చర్మం ఏ కెల్విన్‌కీ పూర్తిగా లొంగదు. దవడ కింద, మెరిసే కవచం అంచుల్లో పడే పచ్చ నిజంగా ఉన్న పచ్చే. వర్కింగ్ స్టిల్స్‌లో దాన్ని తీసేయకండి. మ్యాట్ మీద టేపుతో వేసిన ప్లస్ మార్కులు, కర్ర చివర టెన్నిస్ బంతి పట్టుకున్న అసిస్టెంట్, ఆ బంతిని ప్రాణభయంతో చూస్తున్న హీరో: ఆ మొత్తం ఉంచండి.

పొగలో ఫోకస్ పట్టదు, ఎందుకంటే అంచులు మెత్తబడి కాంట్రాస్ట్ పడిపోతుంది. లాంగ్ లెన్సు పెడితే మీకూ మనిషికీ మధ్య పొగ ఎక్కువ, ఇంకా దెబ్బ. 35 ఎంఎంతో రెండు మూడు మీటర్ల దగ్గరికి వెళ్లండి, సింగిల్ పాయింట్ పెట్టి హెల్మెట్ అంచు లాంటి గట్టి గీత మీద పట్టండి. లైటు మనిషి వెనకనుంచి వస్తే పొగ కిరణాలుగా కనిపిస్తుంది. మీ వెనకనుంచి వస్తే ఉత్త తెల్లగోడ అవుతుంది. మెషిన్ ఊదిన వెంటనే ముద్దలుగా ఉంటుంది, కాసేపటికి ఫ్లోరంతా సమంగా పరుచుకుంటుంది, అప్పుడు తీయండి. లెన్సు ముందు మామూలు ఫిల్టర్ ఒకటి బిగించి ఉంచండి, జిగట పొర పడుతుంది, గంటకోసారి తుడవాలి. పొగలో లెన్సులు మార్చకండి. రెండు బాడీలు ఉన్నది ఇందుకే, ఒకదానికి 35, ఒకదానికి 85. పొగ రోజున మాస్కు పెట్టుకోండి, నటులకి ఆ వీలుండదు గానీ మీకుంది.

రోప్ షాట్లలో వేలాడే మనిషి కింద గానీ, రోప్ లాగేవాళ్లు వెనక్కి పరిగెత్తే దారిలో గానీ ఉండకూడదు. ఫైట్ మాస్టర్ లెక్క మొదలుపెట్టాక కదలొద్దు, మాట్లాడొద్దు. పక్కనుంచి 24 ఎంఎంలో తీస్తే గాల్లో నటుడు, కింద లాగుతున్న చేతులు, నేల మీద పరుపులు అన్నీ వస్తాయి. గ్రీన్ మ్యాట్ దగ్గరైతే షట్టర్ భయం తక్కువ, లైట్లు ఫ్లికర్ లేనివైతే 1/500 దాకా పోవచ్చు. గోడ దగ్గర అది కుదరదు కాబట్టి ఎగిరి పైన ఆగే క్షణం చూసుకోండి.

---

కాల్‌షీట్ సమాధానం

తీసిన తర్వాత సంగతి ఎవరూ చెప్పలేదు. సైన్స్ ఫిక్షన్‌కి లీక్ భయం మామూలు సినిమా కంటే ఎక్కువ, వేషం బయటపడితే సగం ఆసక్తి పోతుంది. 'స్టార్ వార్స్' వరసలోని 'రిటర్న్ ఆఫ్ ది జేడై'ని 1982లో కాలిఫోర్నియాలో తీసినప్పుడు 'బ్లూ హార్వెస్ట్' అనే దొంగ పేరుతో టోపీలు, చొక్కాలు కూడా వేయించారు.

మీవైపు నుంచి: కెమెరా, ఫోన్ రెండింట్లో లొకేషన్ ఆపేయండి. ఇచ్చే ప్రతి ఫొటోలో నటుడి ముఖం కంటే ముందు నాలుగు మూలలు చూడండి. మానిటర్‌లో పూర్తయిన గ్రాఫిక్స్ షాట్, గోడకి అంటించిన కాన్సెప్ట్ బొమ్మ, కుర్చీ మీద స్క్రిప్ట్ పేజీ, వైజర్‌లో ఇంకో వేషధారి ప్రతిబింబం, లీకయ్యేవి ఇవే. వైజర్లని రెండొందల శాతానికి పెంచి చూడాలి. టాబ్లెట్‌లో నటులకి చూపించేటప్పుడు ఎంపిక చేసినవే చూపించండి, వాళ్లు వద్దన్నవి ఆ రోజే విడి ఫోల్డర్‌లోకి పోవాలి.

కార్డులు రెండు స్లాట్లలో ఒకేసారి రాసేలా పెట్టండి. ప్యాకప్ తర్వాత రెండు డ్రైవుల్లోకి కాపీ, ఒకటి ప్రొడక్షన్ దగ్గర, ఒకటి మీ దగ్గర. రెండూ తెరుచుకుంటున్నాయని చూశాకే కార్డు ఫార్మాట్. క్యాప్షన్ అదే రాత్రి రాయండి: తేదీ, సీన్ నంబరు, సెట్ పేరు, ఫ్రేములో ఎవరెవరు. హీరో పేరు అందరికీ తెలుసు. హెల్మెట్ గొళ్లెం తీస్తున్న కాస్ట్యూమర్ పేరు, థర్మాకోల్ చెక్కుతున్న ఆర్ట్ అసిస్టెంట్ పేరు రాయకపోతే రిలీజ్ నాటికి ఎవరూ చెప్పలేరు.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ షెడ్డుకి షూటింగ్ లేని రోజు కూడా వెళ్లండి. ఫైబర్ అచ్చు, ఫోమ్ షీటు, ప్లైవుడ్ మీద ఇనుములా కనిపించే రంగు ఎక్కే దశలు ఒకసారి దాటితే మళ్లీ దొరకవు. 2022 డిసెంబరు చివర్లో 'ప్రాజెక్ట్ కె' బృందం, అంటే తర్వాత 'కల్కి 2898 ఏడీ'గా వచ్చిన సినిమా వాళ్లు, కేవలం ఒక చక్రం తయారీ మీద వీడియో వదిలారు. జనం ఆసక్తిగా చూశారు. అంటే ఈ పనిని చూడాలనుకునేవాళ్లు మన దగ్గరా ఉన్నారు.

---

ప్లస్_మార్క్ సమాధానం

గ్రాఫిక్స్ విభాగం తరఫున ఒక్క విన్నపం. షాట్ ఓకే అయ్యాక మా మనిషి ఒక బూడిద రంగు బంతి, ఒక అద్దం లాంటి బంతి, కలర్ చార్ట్ పట్టుకుని కెమెరా ముందుకు వస్తాడు. తర్వాత నటుడు నిలబడ్డచోట ట్రైపాడ్ పెట్టి, ఫిష్‌ఐ లెన్సుతో చుట్టూ అన్ని వైపులా, ఒక్కో వైపు రకరకాల ఎక్స్‌పోజర్లతో తీస్తాడు. ఆ వెలుగు నకలుతోనే కంప్యూటర్‌లో గీసిన ఓడకీ రోబోకీ లైటింగ్ చేస్తాం. ఆ రెండు మూడు నిమిషాలు లైట్లు కదలకూడదు, ఫ్రేములో ఎవరూ నడవకూడదు. యూనిట్ అప్పటికే తర్వాతి షాట్‌కి ఉరుకుతుంటుంది కాబట్టి ఆ సమయం దొరకడమే కష్టం.

అద్దం బంతిలో సెట్ మొత్తం, డైరెక్టర్‌తో సహా అందరూ చిన్నగా కనిపిస్తారు, స్టిల్స్ వాళ్లందరికీ అది తీయాలని ఉంటుంది. తప్పకుండా తీయండి, కానీ బంతి చేతిలో ఉన్నప్పుడు కాకుండా మా ఫ్రేము అయ్యాక అడగండి. మళ్లీ పట్టుకుని నిలబడతాం. ట్రైపాడ్ తిరుగుతున్నప్పుడు మాత్రం దాని వెనకే, దాంతోపాటు తిరుగుతూ ఉండాలి, లేదా సెట్ బయటికి వెళ్లిపోవాలి.

---

కొత్త_స్టిల్స్

అర్థమైంది. రేపు గోడ ఆపరేటర్‌ని చీకటి సన్నివేశం వేయమని అడిగి షట్టర్ అంకెలు రాసిపెట్టుకుంటాను. కాస్ట్యూమర్‌తో, మేకప్ చీఫ్‌తో మొదటి రోజే మాట్లాడతాను. ఏ అంకె నప్పిందో, గోడ చుక్కల ఎడం ఎంతో ఇక్కడే పెడతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.